పని లేనప్పుడే మెంటర్ దగ్గరికి వెళ్లండి

విడపనకల్లు, పాల్తూరు, డోనేకల్లు, గడేకల్లు వైపు నుంచి అనంతపురానికో గుంతకల్లుకో చదువుకు పోయే పిల్లలకు మొదటి వారంలోనే సీనియర్లు ఒక మాట చెప్తారు: "మెంటర్‌తో ఎక్కువ పెట్టుకోవద్దు. సంతకం కావాల్సొస్తే పో, ఏమన్నా సరే సార్ అను, సంతకం తీసుకొని వచ్చేయ్." పిల్లల మంచి కోరే చెప్తారు. నేను చెప్పబోయే సలహాలు దానికి నేరుగా ఎదురు. ఇంట్లో వినిపిస్తే "ఇవేం తలకిందుల మాటలు" అంటారు. స్టాఫ్ రూంలో వినిపిస్తే కొందరు లెక్చరర్లే ముఖం చిట్లిస్తారు. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. ఊరి నుంచి వచ్చి, ఇంట్లో అందరికంటే ముందు కాలేజీ గడప తొక్కిన పిల్లలు తెలివి చాలక చదువు ఆపేయడం నేను చాలా అరుదుగా చూశాను. కష్టం వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో తెలియక ఆపేసినవాళ్లే ఎక్కువ.

మెంటర్‌ను కొన్ని కాలేజీల్లో కౌన్సెలర్ అంటారు, కొన్నిచోట్ల ప్రాక్టర్ అంటారు, బ్రిటన్‌లో పర్సనల్ ట్యూటర్ అంటారు. కొద్దిమంది విద్యార్థుల బాగోగులు కనుక్కునే బాధ్యతను ఒక అధ్యాపకుడికి అప్పగించడమే ఈ ఏర్పాటు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, లెక్చర్లతోనే సరిపెట్టకుండా ట్యుటోరియల్ పద్ధతి కూడా ఉండాలని అప్పుడే చెప్పింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్ల కోసం ఏఐసీటీఈ తెచ్చిన ఇండక్షన్ కార్యక్రమంలో ఇరవై మంది విద్యార్థుల గుంపుకు ఒక మెంటర్ ఉండాలన్నది ముఖ్యమైన అంశం. కాలేజీలను మదింపు చేసే నాక్ కూడా ఒక్కో మెంటర్ కింద ఎంతమంది విద్యార్థులున్నారని లెక్క అడుగుతుంది. నాక్ బృందం వస్తుందనగానే మెంటర్ రికార్డులు హడావుడిగా నింపే కాలేజీలు ఉన్నాయి. అది చూసి పిల్లలు ఇదంతా కాగితాల మీది వ్యవహారమే అనుకుంటారు. కాగితం మీదైనా సరే, మీ పేరు ఒక మనిషి పేరుకు ఎదురుగా రాసి ఉంది. ఆ మనిషి దగ్గర కూర్చొని మాట్లాడే హక్కు మీకుంది. దాన్ని వాడుకోండి.

ఊరికే వెళ్లండి

మొదటి సలహా ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఏ పనీ లేనప్పుడు, ఏ సంతకమూ అక్కర్లేనప్పుడు, క్లాసులు మొదలైన రెండో వారంలోనో మూడో వారంలోనో వెళ్లండి. "ఏం పనప్పా?" అని అడుగుతారు. "పనేం లేదు సార్. మాది విడపనకల్లు. మీ గ్రూపులో ఉండా. పరిచయం చేసుకుందామని వచ్చినా" అంటే చాలు. పది నిమిషాలు మాట్లాడండి. ఇంట్లో ఎవరెవరున్నారు, మీకంటే ముందు ఎవరైనా డిగ్రీ చదివారా, పొలం సొంతమా కౌలా, హాస్టల్లో ఉన్నారా, రోజూ బస్సుకు వస్తున్నారా, ఆ బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడుంది, ఇవన్నీ చెప్పండి. బస్సు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. మొదటి పీరియడ్‌కు రోజూ ఆలస్యంగా వచ్చే అబ్బాయికి బద్ధకమా, బస్సు లేదా అన్నది తెలిసిన లెక్చరర్ ప్రవర్తన వేరుగా ఉంటుంది.

ఎందుకు ముందే వెళ్లాలంటే, అవసరం వచ్చిన రోజున వెళ్లేవాడి మీద ఎవరికైనా మొదట అనుమానమే కలుగుతుంది. హాజరు తగ్గిందని, ఫీజు కట్టలేదని, పరీక్ష రాయలేకపోయానని చెప్పడానికి మొట్టమొదటిసారి మెంటర్ గదిలో అడుగుపెట్టిన పిల్లవాడు ఎంత నిజం చెప్పినా అది సాకులాగే వినిపిస్తుంది. అదే మాట నాలుగు నెలలుగా తెలిసిన పిల్లవాడు చెబితే ఆ మెంటరే లేచి హెచ్ఓడీ దగ్గరికి వెళ్తాడు.

సీనియర్లు అడ్డు చెప్పేది ఇక్కడే: "ఊరికే పోతే కాకా పడుతున్నాడనుకుంటారు." అనుకోనివ్వండి. కాకా పట్టేవాళ్లు పొగుడుతారు, పుట్టినరోజుకు కేకు తెస్తారు. మీరు ఆ రెండూ చేయకండి. రెండోసారి వెళ్లేసరికి తేడా వాళ్లకే తెలుస్తుంది.

అన్నిటికంటే తక్కువ మార్కులొచ్చిన పేపరు తీసుకెళ్లండి

మెంటర్‌కు మంచి మార్కులే చూపించాలని, తప్పిన సబ్జెక్టు దాచిపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. మీరు తిరగేసి చేయండి. మొదటి మిడ్ జవాబు పత్రాలు చేతికి రాగానే అన్నిట్లో అధ్వానంగా ఉన్నది పట్టుకొని వెళ్లండి. బాగా వచ్చిన పేపరు గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. చెడిపోయిన పేపరు చూస్తే ఎక్కడ చెడిందో కనిపిస్తుంది.

మన పిల్లల విషయంలో ఇది ఇంకా అవసరం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చింది. విడపనకల్లు మండలంలో తెలుగులో పాఠాలు విన్న అమ్మాయి, ఇంట్లో కన్నడం మాట్లాడే అబ్బాయి, ఇద్దరూ ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చున్నారు. చాలామంది జవాబును బట్టీ పట్టి రాస్తున్నారు. ఒక వాక్యం మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. ఆ జవాబు పత్రం చూసిన లెక్చరర్‌కు సబ్జెక్టు రాదనిపిస్తుంది. పిల్లకు సబ్జెక్టు వచ్చు, రానిది ఇంగ్లీషే. ఈ తేడా మార్కుల జాబితాలో కనిపించదు. మీరు ఎదురుగా కూర్చొని అదే ప్రశ్నకు మీ మాటల్లో జవాబు చెప్పినప్పుడే బయటపడుతుంది.

అందుకే మెంటర్ దగ్గర ఇంగ్లీషులో మాట్లాడాలని ప్రయత్నించకండి. ఈ మాటకు ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు ఒప్పుకోరని తెలుసు. ఇంగ్లీషు నేర్చుకునే చోట్లు వేరే ఉన్నాయి, అక్కడ తప్పకుండా నేర్చుకోండి. మీ కష్టం చెప్పుకునే చోట మాత్రం మీ నోటికి వచ్చిన మాటే వాడండి, మధ్యలో నాలుగు కన్నడ మాటలు దొర్లినా పరవాలేదు. "సార్, నాకు అడిగేకి రాదు" అన్న పిల్లవాడి దగ్గర ప్రశ్న లేక కాదు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు ధైర్యం అయిపోతుంది, అంతే.

పొలం పనుల నెలలు ముందే చెప్పేయండి

ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. విడపనకల్లు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. పత్తి, మిరప, పప్పుశనగ వేస్తారు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అందే చేలకు ఒక లెక్క, వాననే నమ్ముకున్న చేలకు ఇంకో లెక్క. పప్పుశనగ విత్తనం వేసేది అక్టోబరు, నవంబరుల్లో. పత్తి తీసే పని చలికాలమంతా సాగుతుంది. ఆ వెనకే మిరప కోతలు, కళ్లంలో ఆరబోయడం, తాలుకాయలు ఏరడం, కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌కు లారీకెత్తడం. కూలీలు దొరకని రోజుల్లో, దొరికినా కూలి గిట్టుబాటు కాని రోజుల్లో, కాలేజీలో ఉన్న కొడుక్కో కూతురికో ఫోను వస్తుంది: "నాలుగు దినాలు వచ్చిపోప్పా." సరిగ్గా ఆ నెలల్లోనే మిడ్ పరీక్షలు, ల్యాబులు, సెమిస్టర్ పరీక్షలు ఉంటాయి.

ఇంటికి వెళ్లవద్దని నేను చెప్పను. అప్పు చేసి పెట్టిన పంటను వదిలేసి క్లాసులో కూర్చోమనడం ఆ ఇంటి సంగతి తెలియనివాళ్లు ఇచ్చే సలహా. వెళ్లే ముందు చెప్పండి అంటున్నాను. ముందంటే బస్సెక్కే రోజు ఉదయం కాదు, సెమిస్టర్ మొదట్లోనే. ఒక కాగితం మీద రాసివ్వండి: "మాకు మూడెకరాల మిరప ఉంది. కోత వచ్చినప్పుడు ఇంటికి పోవాల్సి ఉంటుంది. ఏ క్లాసులు పోతే నష్టమో చెప్పండి, అవి తప్పకుండా వస్తాను." ఏ ల్యాబు మళ్లీ పెట్టరో, ఏ టెస్టుకు మరో అవకాశం ఉందో మెంటర్‌కు తెలుసు. మీకు తెలియదు. ఈ ఒక్క సంభాషణతో నాలుగు రోజుల ప్రయాణాన్ని రెండు రోజులు అటో ఇటో జరుపుకోవచ్చు.

హాజరు నియమాలు ఎంత కఠినమైనవో కూడా మొదటి నెలలోనే తెలుసుకోండి. అనంతపురం జేఎన్‌టీయూ నియమాల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే తగిన కారణం చూపించి, రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతమే షరతు. అది ఆగిందంటే కాలేజీ వాళ్లు హాల్ టికెట్ దగ్గర అడ్డుపడతారు, ఇంట్లో వడ్డీకి తెస్తారు.

ఇక్కడ సీనియర్లు ఇచ్చే సలహా మెడికల్ సర్టిఫికెట్. తెలిసిన ఆర్‌ఎంపీ చేతనో మరొకరి చేతనో టైఫాయిడ్ అని రాయించుకోవడం. అది పని చేస్తుంది, కాదనను. అయినా మెంటర్‌కు నిజమే చెప్పండి, "జ్వరం కాదు సార్, మిరప కోత" అనండి. నియమంలో మిరప కోతకు చోటు లేదు కదా అంటారా? లేదు. అందుకే చెప్పాలి. ప్రతి ఏడూ ఇంతమంది రైతు బిడ్డలకు టైఫాయిడ్ వచ్చిందని రికార్డుల్లో రాసి ఉన్నంతకాలం, ఈ మండలాలకు పరీక్షల తేదీలు సరిపోవడం లేదన్న సంగతి విశ్వవిద్యాలయం దాకా చేరే దారి లేదు. ఒక మెంటర్ దగ్గర పదిమంది నిజం చెబితే ఆయన దాన్ని డిపార్ట్‌మెంట్ మీటింగులో మాట్లాడగలడు. తేదీలు మారతాయని మాట ఇవ్వలేను. మారాలంటే మాత్రం ఇంకో దారి కనిపించడం లేదు.

మీ మార్కులు ఆయన చేతిలో ఉంటే రెండో మనిషిని వెతుక్కోండి

ఇంతవరకు చదివి, "సార్ చేతిలోనే ఇంటర్నల్ మార్కులుంటే ఆయనకే నా లోపాలన్నీ ఎలా చెప్పుకోవాలి?" అని అడిగితే ఆ భయం న్యాయమైనదే. జేఎన్‌టీయూ నియమాల్లో థియరీ సబ్జెక్టుకు 30 మార్కులు కాలేజీలోనే పడతాయి. వేసే మనిషీ, ఓదార్చే మనిషీ ఒకరే అయినప్పుడు నోరు పెగలదు. కేంబ్రిడ్జ్‌లో దీన్ని చాలాకాలం కిందటే గుర్తించి రెండు పనులనూ విడదీశారు. చదువు సంగతి చూసే డైరెక్టర్ ఆఫ్ స్టడీస్ వేరు, విద్యార్థి బాగోగులు చూసే ట్యూటర్ వేరు. ఆ ట్యూటర్ మామూలుగా వేరే సబ్జెక్టు మనిషే అయి ఉంటారు.

మన కాలేజీలు ఆ ఏర్పాటు చేసేదాకా కూర్చోకండి, మీరే చేసుకోండి. మీ మెంటర్ మీకు ఫిజిక్స్ చెప్తుంటే, ఫిజిక్స్ సంగతులు ఆయనతో మాట్లాడండి. ఇంటి సంగతులకు తెలుగు మేడమ్ దగ్గరికో, లైబ్రేరియన్ దగ్గరికో, పీడీ సార్ దగ్గరికో వెళ్లండి. ఎవరూ నియమించకపోయినా వాళ్లూ మీకు మెంటర్లే. నియమించిన మెంటర్‌కు ఇది అవమానమని కొందరంటారు. మంచి మెంటర్ అలా అనుకోడు.

ఆయనకు తెలియని విషయం పట్టుకోండి

డిగ్రీ విద్యార్థులకు ఇప్పుడు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. చాలామంది నెట్‌లో దొరికిన రిపోర్టుకు పేరు మార్చి ఇస్తారు. మెంటర్‌కు బాగా తెలిసిన అంశం ఎంచుకుంటే మార్కులు పడతాయన్నది మామూలుగా వినిపించే సలహా. ఆయనకు అస్సలు తెలియనిది, మీకు పుట్టినప్పటి నుంచీ తెలిసినది ఎంచుకోండి. మీ ఊళ్లో కౌలుకు చేసేవాళ్లు ఎందరు, వాళ్లలో సాగుదారు హక్కు కార్డు ఎందరికి ఉంది అని ఇల్లిల్లూ తిరిగి రాయండి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు పదకొండు నెలలకే. భూమి యజమాని ఒప్పుకుంటేనే ఇస్తారు. ఎందుకు ఒప్పుకోవడం లేదో మీ నాయన ఒక్క సాయంత్రంలో చెప్పగలడు, ఎకనామిక్స్ లెక్చరర్ పుస్తకంలో వెతుక్కోవాలి. ఆయన మిమ్మల్ని ప్రశ్నలడగడం మొదలుపెట్టిన రోజు నుంచి మీరు జాబితాలో నంబరు కారు. వీలైతే ఆయన్ను ఊరికి తీసుకురండి. కళ్లంలో మిరప ఆరబోసిన చోట కూర్చోబెట్టి మీ వాళ్లతో మాట్లాడించండి.

సలహా పాటించకపోయినా వెళ్లి చెప్పండి

మెంటర్ "బ్యాంకు పరీక్షలకు తయారవు" అన్నారు. మీకు ఎంఎస్సీ చేయాలనుంది. చాలామంది చేసేది, ఎదురుగా తల ఊపి ఆ తర్వాత కనిపించకుండా తప్పించుకు తిరగడం. ఆయన చెప్పింది మీకు సరిపడకపోతే పాటించకండి. ఆయన ఉద్యోగంలో చేరిన నాటికీ నేటికీ ఉద్యోగాలు మారాయి, ఆయనకు తెలిసింది పాతబడి ఉండొచ్చు. పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లి, "మీరు చెప్పింది చేయలేదు సార్, ఈ కారణం వల్ల ఇటు పోతున్నా, యూనివర్సిటీలో పనికొచ్చేవాళ్లు ఎవరైనా తెలుసా" అని అడగండి. మెంటర్ దగ్గర నుంచి రావాల్సిన అసలు సాయం తరచూ ఇదే: తనకు తెలియనిది తెలిసిన ఇంకొకరి పేరు.

ఆడపిల్లలకు విడిగా ఒక మాట. ఇంట్లో సంబంధం చూస్తున్నారు, చదువు మానిపిస్తారేమో అన్న భయం ఉన్నప్పుడు ముందుగా మెంటర్‌తో షరతు పెట్టండి: "నన్ను అడక్కుండా ఇంటికి ఫోన్ చేయొద్దు మేడమ్." పెద్దవాళ్లతో అలా షరతు పెట్టి మాట్లాడొచ్చా అని వెనకాడకండి, పెట్టాలి. మంచి ఉద్దేశంతో చేసిన ఒక్క ఫోన్ కాల్ వల్ల మర్నాడే పిల్లను ఊరికి తీసుకెళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. మీకు ఇంకా పద్దెనిమిది నిండకపోతే 1098కి ఫోన్ చేయవచ్చు. నిండితే, అమ్మానాన్నల్లో ఎవరు వింటారో వాళ్లను కాలేజీకి రప్పించి, మీ మార్కులు ముందు పెట్టి మేడమ్ చేత మాట్లాడించండి. ఊళ్లో ఎంత చెప్పినా వినని తండ్రి కాలేజీలో కుర్చీ వేసి గౌరవంగా మాట్లాడితే కొంతైనా వింటాడు.

మెంటర్ గదిలో తలుపు తెరిచే ఉంచమని అడిగే హక్కు మీది. ప్రవర్తన సరిగా లేకపోతే మొహమాటం వద్దు. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నిద్ర పట్టకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు రావడం మెంటర్ ఒక్కరు చూసుకోగల విషయాలు కావు. ఆయనకు చెప్పండి, దాంతోపాటే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

బ్రిటన్‌కో అమెరికాకో చదువుకు వెళ్లే వారికి రెండు మాటలే. సిఫారసు లేఖ కోసం పెద్ద పేరున్న ప్రొఫెసర్ వెంట పడకండి. మీ చెడ్డ పేపరు చూసి, మీతోపాటు మీ కళ్లంలో కూర్చున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసిన అర పేజీలో మీరు కనిపిస్తారు. అక్కడికి చేరాక, సబ్జెక్టు కష్టంగా ఉందని అమెరికాలో కోర్సు వదిలేసే ముందు అడ్వైజర్‌తో పాటు వీసా సంగతులు చూసే యూనివర్సిటీ అధికారినీ కలవండి. ఆయన అనుమతి లేకుండా కోర్సుల భారం తగ్గించుకుంటే చదువుతో పాటు వీసా కూడా చిక్కుల్లో పడుతుంది. బ్రిటన్‌లో ఎంఎస్సీ చాలావరకు ఒక్క ఏడాదే. ఇంటి దగ్గర ఎవరో పోయారనో, ఒంట్లో బాగాలేదనో గడువు కావాలంటే పర్సనల్ ట్యూటర్‌కు గడువు తేదీకి ముందే రాయాలి. మన పిల్లలు "సార్‌కు తీరిక ఉండదులే" అని ఆగి, తేదీ దాటాక రాస్తారు.

మిగిలింది మెంటర్ మారిపోయినప్పుడు ఏం చేయాలన్నది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో బదిలీలు ఉంటాయి. గెస్ట్ లెక్చరర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు ఏడాది తిరిగేసరికి ఉంటారో ఉండరో తెలియదు. మీ సంగతులన్నీ తెలిసిన మనిషి వెళ్లిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలని చాలామంది అక్కడితో ఆపేస్తారు. బదిలీ వార్త వినగానే వెళ్లి, "కొత్తగా వచ్చే సార్‌తో ఒక మాట చెప్పిపోండి" అని అడగండి. కుదరకపోతే మీ గురించి నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టిమ్మనండి: ఏ ఊరు, ఏ నెలల్లో ఇంటికి పోవాల్సి వస్తుంది, ఏ సబ్జెక్టులో వెనకబడ్డారు, ఏం చేయాలనుకుంటున్నారు. కొత్త మెంటర్ పేరు నోటీసు బోర్డు మీద పడిన వారంలోనే ఆ కాగితం తీసుకొని, ఏ పనీ లేకుండానే, వెళ్లి కలవండి.